ఇటుకరంగు పాకం

మొన్న నిజామాబాద్‌లో నా షుగరు చూసే డాక్టరు ఒక ప్రశ్న అడిగాడు. నా మేనల్లుడి కంటే చిన్నవాడు. మీసం రావాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది. "మీకు పద్నాలుగో ఏటనే ఈ జబ్బు వచ్చింది గదమ్మా, దానికి ముందు ఏమన్న జ్వరం వచ్చిందా?" అన్నాడు. "గవదబిళ్లలు వచ్చినయి" అన్నాను. ఆయన కలం ఆగిపోయింది. పిల్లలకూ పడుచువాళ్లకూ వచ్చే షుగరుకూ, కొన్ని వైరస్ జ్వరాలకూ ఏదో చుట్టరికం ఉండొచ్చని పెద్ద పెద్ద డాక్టర్లు అనుమానిస్తున్నారట. ఆ వైరస్ కడుపులోని క్లోమాన్ని దెబ్బతీస్తుందేమో, లేక పడిపోవడానికి ముందే తయారుగా ఉన్న ఒంటిని చిన్నగా ఒక తోపు తోస్తుందేమో, ఇంకా ఎవరూ తేల్చలేదట. అనుమానితుల వరసలో గవదబిళ్లలు కూడా చేతులు కట్టుకొని నిలబడ్డాయట. నేను నవ్వడం మొదలుపెట్టాను. షుగరు తలకెక్కిందనుకొని పాపం ఆయన నా నాడి పట్టుకున్నాడు. గవదబిళ్లల మీద ఆ అనుమానం ముప్పై ఏళ్ల కింద మా బాపమ్మకు వచ్చింది. అయితే అందులో ఆమె గొప్పతనమేమీ లేదు. మా బాపమ్మ అనుమానించని వస్తువు మా ఊరు ఎడపల్లి చుట్టుపక్కల ఒక్కటీ లేదు.

బాపమ్మ అంటే మా బాపును, అంటే మా నాన్నను, కన్నతల్లి. మాకు చెరుకు ఉండేది, గానుగ ఉండేది, బెల్లం వండే కడాయి ఉండేది. ఆ కడాయి ఎంత పెద్దదంటే ఇటు నిలబడి పిలిస్తే అటున్నవాళ్లకు వినబడేది కాదు. దాని ముందు బాపమ్మ కూర్చుంటే తహసీల్దారు వచ్చినా పక్కకు జరగవలసిందే. పాకం నురగ ఎత్తి, బంగారు రంగు దాటి, ఇటుక రంగులోకి తిరుగుతుండగా "దించుండ్రి" అనేది. ఒక్క క్షణం అటూ ఇటూ అయ్యేది కాదు. మా బెల్లం రంగు చూసి బోధన్ అంగడిలో మరాఠీ వ్యాపారులు ఒకరినొకరు తోసుకునేవాళ్లు. అవి బోధన్‌లో చక్కెర కార్ఖానా పొగగొట్టం మెల్లగా ఆకాశంలోకి లేస్తున్న రోజులు. తెల్లటి చక్కెర వస్తుందని అందరూ సంబరపడుతుంటే, రంగు లేని తీపి ఏం తీపి అని బాపమ్మ ఆ గొట్టం వైపు చూడడమే మానేసింది.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఊరి పిల్లలకు గవదబిళ్లలు వచ్చాయి. నా దవడలు ఎంత ఉబ్బాయంటే తలుపులోంచి పక్కకు తిరిగి నడవవలసి వచ్చేది. మా వైపు దానికి మందు బంగారం. మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు దిగుతుందని నమ్మకం. మా వాడకట్టు మొత్తానికి బంగారమంటే బాపమ్మ గుండ్లదండ ఒక్కటే. అది కడగకుండా, తుడవకుండా ఒక పిల్ల మెడలోంచి ఇంకో పిల్లవాడి మెడలోకి ఊరూరా తిరిగింది. గవదలను తగ్గించిందో లేదో గానీ, వాటిని ఇంటింటికీ చేరవేయడంలో ఆ దండ చేసినంత సేవ రైలు కూడా చేయలేదు. నా వాపు సగం దిగిందో లేదో, రుద్రూర్ నుంచి మేనత్త బండి కట్టుకొని వచ్చి, కొడుకు దవడలు చూపించి, దండ విప్పించుకొని పోయింది.

వానలు పడే నాటికి నాకు దాహం మొదలైంది. నీళ్ల గోలెం దగ్గర కూర్చుంటే గోలెం ఖాళీ అయ్యేదాకా లేచేదాన్ని కాదు. నేను తాగిన నీళ్లకు ఆ ఏడు మా బావిలో కప్పలు ఇల్లు మారాయి. ముగ్గురి అన్నం తినేదాన్ని. తిన్నకొద్దీ చిక్కిపోయి, గాలి వస్తే గుంజను పట్టుకొని నిలబడే స్థితికి వచ్చాను. నోటి నుంచి మాగిన పండు వాసన వచ్చేది. నేను దొంగతనంగా జామపండ్లు తింటున్నానని మా అమ్మ పక్కింటి చెట్టుకు కాపలా పెట్టించింది. వాకిట్లో నేను కూర్చొని లేచిన చోటికి చీమలు బారులు కట్టడం చూసి, కార్ఖానా గాలికి పిల్ల ఒంట్లో చక్కెర పడిందని వాడకట్టు తేల్చింది. బాపమ్మ ఒప్పుకోలేదు. "దండ తొందరపడి తీసిన. గవద బయటికి పోక లోపలికి దిగింది" అంది.

చివరికి ఒకరోజు లేవలేకపోయాను. బాపు నన్ను నిజామాబాద్ దవాఖానాకు ఎత్తుకుపోయాడు. బాపమ్మ వెంట వచ్చింది. అక్కడి డాక్టరు సాబ్ పొడుగాటి మనిషి, తెలుగులో ఉర్దూ కలిపి మెత్తగా మాట్లాడేవాడు. గాజునాళంలో మైలుతుత్తం రంగు మందునీళ్లు పోసి, నా మూత్రం చుక్కలు వేసి దీపం మీద కాచాడు. నీలం నీళ్లు పచ్చనై, పసుపై, చూస్తుండగా ఇటుక రంగుకు తిరిగాయి. బాపమ్మ కన్నార్పలేదు.

"షకర్ బీమారీ" అన్నాడు సాబ్. "రోజూ సూది తీస్కోవాలె. సూది లేకుంటే పిల్ల దక్కది."

"గవదబిళ్లలకెల్లి వచ్చిందా, దొరా?" అంది బాపమ్మ.

"కావచ్చు, కాకపోవచ్చు, పెద్దమ్మా. గవదల తర్వాత ఇట్లయిన పిల్లల్ని నేను గూడ చూసిన. కానీ గవదలొచ్చి మంచిగున్నోళ్లు లెక్కలేనంత మంది ఉన్నరు. నాకు తెల్వది."

తెలియదని చెప్పిన వైద్యుణ్ణి బాపమ్మ అప్పుడే మొదటిసారి చూసింది. అందుకే ఆయన మాట మీద గురి కుదిరింది. సూది వేయడం కాంపౌండరు బాపుకు నేర్పాడు. సాబ్ ఒక గాజునాళం, మందునీళ్ల సీసా బాపమ్మ చేతికిచ్చి, "రోజూ పొద్దుగాల ఇట్ల కాచి, రంగు మంచిగ వస్తున్నదా లేదా చూస్కోండి" అన్నాడు. ఏ రంగు మంచిదో చెప్పాలని ఆయనకు తోచలేదు. అడగాలని బాపమ్మకూ తోచలేదు. జన్మంతా కడాయి ముందు కూర్చున్న మనిషికి మంచి రంగేదో ఇంకొకరు చెప్పాలా?

ఇంటికి వచ్చాక సూదిమందును తడి ఇసుక పోసిన కుండలో దాచారు. సూది గుచ్చే ముందు బాపు దేవుణ్ణి ఎంత గట్టిగా పిలిచేవాడంటే ఇంటి మీద పెంకులు గలగలలాడేవి. నాలుగు రోజులకు నాళంలో రంగు ఆకుపచ్చకు దిగింది. బాపమ్మ ముఖం వాడిపోయింది.

"పాకం పచ్చిగనే ఉన్నది. పిల్ల ఒంట్ల సత్తువ లేదు" అంది.

సాబ్ చక్కెర వద్దన్నాడు గానీ బెల్లం పేరు ఎత్తలేదు; సత్తువకు ఆమెకు తెలిసింది ఆ ఒక్కటే మందు. నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని బెల్లం పానకం తాగించింది. దాహంతో ఎండిపోతున్న దాన్ని, వద్దంటానా? మర్నాడు పసుపు, ఆ మర్నాడు ఎరుపు. బాపమ్మ ఉత్సాహం పెరిగింది, పానకం చిక్కబడింది. పొద్దు గూకి బాపు చేను నుంచి రాగానే "రంగెట్లున్నదే అవ్వా?" అనేవాడు. "మస్తుగున్నది, దినదినం తేటకొస్తున్నది" అనేది తల్లి. ఆయన దండం పెట్టుకొని కాళ్లు కడుక్కునేవాడు.

తేటకు రానిది నేను. మళ్లీ పండు వాసన, మళ్లీ ఎగశ్వాస. బాపు మళ్లీ నన్ను నిజామాబాద్ ఎత్తుకుపోయాడు. ఆ పొద్దుటి రంగు చిక్కగా కుదిరిందని బాపమ్మ నాళాన్ని కొంగులో చుట్టి, పసిపిల్లలా ఒడిలో పెట్టుకొని తెచ్చింది. సాబ్ ముందు విప్పింది.

"సూడు దొరా. గింత మంచి రంగు మా కడాయిల గూడ ఎన్నడు రాలె. రంగు గిట్లున్నది, పిల్ల గట్లున్నది. నీ సూదిలనే ఏదో తక్కువున్నది."

సాబ్ నాళం వైపు చూశాడు. తర్వాత బల్ల మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, ఇది నీలంగ ఉండాలె. నీలమే మంచిది."

"నీలమా? నీలమంటే పచ్చినీళ్లు గద?"

"పచ్చినీళ్లే కావాలె. పిల్లకు ఏం పెడుతున్నవు?"

"బెల్లం" అంది బాపమ్మ. ఆ మాట సగంలోనే చిన్నదైపోయింది. బాపు గోడ వైపు తిరిగాడు. సాబ్ నర్సును పిలిచి సూదులు మరిగించమన్నాడు.

ఆ రెండు రోజులు నేను ఉంటానో పోతానో ఎవరికీ తెలియదట. నాకైతే ఏమీ గుర్తులేదు, కాబట్టి ఇక్కడ పెంచి చెప్పడానికి కూడా వీల్లేదు. కళ్లు తెరిచేసరికి బాపమ్మ మంచం పక్క నేల మీద కూర్చొని ఉంది. అంతటి మనిషి మూట కట్టి పెట్టినంత చిన్నగా అయిపోయింది.

"నేనే వండిన బిడ్డా నిన్ను" అంది.

నాకు మాట సరిగా రావడం లేదు. అయినా ఊరుకోలేదు. "మాడకముందే దించినవు గద, బాపమ్మా" అన్నాను.

ఆమె నా అరికాలు మీద చిన్నగా కొట్టి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడ్చిందో నవ్విందో ఇప్పటికీ చెప్పలేను.

ఇల్లు చేరాక నాళం తన దగ్గర పెట్టుకుంటానన్నాడు బాపు. "నేను సూస్త తియ్యే, అవ్వా."

"నీకేమెరుక రంగుల సంగతి? ఇటు తే" అంది బాపమ్మ.

ఆనాటి నుంచి మా ఇంట్లో తీపికి చోటు లేకుండా పోయింది. నా దగ్గరికి ఒక చీమ వచ్చినా బాపమ్మ దాని కులగోత్రాలు అడిగి పంపేది. జన్మంతా ఎరుపు కోసం కాచుకున్న కళ్లకు నీలం నేర్పుకోవడం తేలిక కాదు. పొయ్యి ముందు కూర్చొని పెదవులు కదిలిస్తూ నాళాన్ని బతిమాలేది. ఎరుపు, పసుపు, మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ. వానలు వెనకబట్టి చెరుకు పూతకు వచ్చిన ఒక పొద్దున, ఎంత మరిగించినా నీళ్లు రంగు మార్చలేదు. పోసినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే నీలంగా నిలబడ్డాయి. బాపమ్మ నాళాన్ని ఎండకు పట్టి చాలాసేపు చూసింది.

"గింత రుచిలేని రంగు నా బతుకుల సూడలె" అంది. ఆ రుచిలేని రంగును పట్టుకొని వాడకట్టంతా తిరిగి వచ్చింది. ఆ పూట మా వాకిట్లో తిరునాళ్లే. ఊరు ఊరంతా వచ్చి, చెప్పులు బయట విడిచి, నా మూత్రాన్ని దర్శించుకొని పోయింది.

లోకానికి వయసు ఏళ్ల చొప్పున వస్తుంది. నాకు ఆ రోజు నుంచి ఒక్కో పొద్దు చొప్పున వచ్చింది. కాలం రోజూ పొద్దున్నే నా ఇంటి పొయ్యి దగ్గర కాసేపు ఆగి, రంగు చూసుకొని, ఆ తర్వాతే ముందుకు కదిలింది.