వాగు మధ్య బండ మీద

అతను పైపుల మేస్త్రీ. ముప్పై ఏళ్లుగా ఎవరింట్లో కుళాయి కారినా అతని తలుపే తట్టేవారు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మందిరంలో ముందు వరుసలో కూర్చునేవాడు. ప్రార్థన చెయ్యమంటే ఇక అలుపుండదు. వినేవాళ్ల మోకాళ్లు తిమ్మిరెక్కాల్సిందే.

అతని బావమరిది వ్యాను డ్రైవరు. ప్రతి ఆదివారం అక్కను గుమ్మం దాకా దింపి, తాను బయటే వ్యానులో కూర్చునేవాడు. "వీడికి విశ్వాసం లేదు" అని మేస్త్రీ పదిమందిలో అనేసేవాడు. బావమరిది నవ్వేసేవాడు.

మందిరానికి నీళ్లు కొండ మీది ఊట నుంచి పైపులో వస్తాయి. ఒక శనివారం పొద్దున ఆ ధార ఆగిపోయింది. మర్నాడు తొమ్మిదిమందికి బాప్తిస్మం. ముంచే తొట్టి ఖాళీగా ఉంది. భోజనం కాగానే మేస్త్రీ పనిముట్ల సంచి మెడలో వేసుకున్నాడు. ఒంటరిగా పంపడం ఇష్టంలేక భార్య తన తమ్ముణ్ణి తోడు పంపింది.

పైపు వాగు దాటేచోట జాయింటు ఊడిపోయి ఉంది. సరిగ్గా వాగు నడిమధ్యన, ఒక పెద్ద బండ పక్కన. నీళ్లు చీలమండల దాకా లేవు. మేస్త్రీ వంగి పని మొదలుపెట్టాడు. గంట గడిచాక బావమరిది తలెత్తి చూశాడు. తాము నిలబడినచోట ఎండ కాస్తోంది గానీ పైన శిఖరం నల్లగా మూసుకుపోయింది.

"బావా, నీళ్లు ఎర్రబడుతున్నాయి. ఒడ్డుకి పోదాం పద."

"రెండు చుట్లు బిగిస్తే అయిపోతుంది."

"పైన వాన దంచేస్తోంది. నా మాట విను."

"దేవుడి పని మీద వచ్చాంరా, మనకేం కాదు. భయమైతే నువ్వెళ్లి ఒడ్డున కూర్చో."

బావమరిది వెళ్లలేదు. విసుక్కుంటూనే పైపు రెండో కొస పట్టుకున్నాడు.

అంతలో పై మలుపులో లారీ కంకర దింపుతున్నట్టు చప్పుడైంది. బావమరిది మేస్త్రీ రెక్క పట్టి బండ మీదికి ఈడ్చాడు. మరుక్షణం వాగు రెండు పక్కలా విరుచుకుపడింది. ఒడ్డు పది అడుగుల దూరమే, అయినా దాటే దారి లేదు. మేస్త్రీకి ఈత రాదు. నీళ్లు బండనెక్కి పాదాలు ముంచాయి, పిక్కలు ముంచాయి, మోకాళ్లు దాటాయి. మెడలోని సంచి ప్రవాహానికి అడ్డంపడి అతన్ని ముందుకు లాగుతోంది.

"సంచి వదిలెయ్ బావా!"

"ముప్పై ఏళ్ల పనిముట్లురా!"

"నువ్వు పోతే అక్కకి నేనేం చెప్పాలి? వదులు!"

వదిలేశాడు. అది మునగడం కూడా కనబడలేదు.

మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. రోజూ ధారగా వచ్చే మాటల్లో ఒక్కటీ రాలేదు. కాలు జారింది. "ప్రభువా, పట్టుకో!" అన్నాడు. నడుము దగ్గర బెల్టు బిగుసుకుంది. బండ పగులులో ఒక కాలు ఇరికించి, బావమరిది రెండు చేతులా ఆ బెల్టు పట్టుకున్నాడు. ఇంతలో ఒక దుంగ కొట్టుకొచ్చి వాడి భుజాన్ని గుద్దింది. "అమ్మా" అని అరిచాడు. ఒక చెయ్యి వేలాడిపోయింది. రెండో చెయ్యి మాత్రం పట్టు వదల్లేదు.

ఎంతసేపు అలా నిలబడ్డారో ఇద్దరికీ తెలియదు. నీళ్లు తొడల దగ్గర ఆగి, మెల్లగా జారడం మొదలయ్యాయి. పొద్దు వాలుతుండగా, కొండ మీది వాన చూసి భార్య పంపిన సంఘం మనుషులు తాళ్లతో వచ్చి ఇద్దర్నీ ఒడ్డుకి చేర్చారు.

బావమరిదికి భుజం ఎముక విరిగింది. ఆసుపత్రి మంచం మీద కట్టుతో పడుకుని అడిగాడు: "పట్టుకో అన్నావే, నన్నా, ఆయన్నా?"

"ఆయన్నేరా. పట్టుకున్నది నువ్వు" అన్నాడు మేస్త్రీ.

బిగించిన పైపు వరదలో కొట్టుకుపోయింది. ఆదివారం ఆడవాళ్లు ఇళ్ల నుంచి బిందెలతో నీళ్లు మోసి తొట్టి నింపారు. తొమ్మిదిమందీ బాప్తిస్మం తీసుకున్నారు. మేస్త్రీని సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాడు.

"నిన్న నాది విశ్వాసం అనుకున్నాను. కాదు, మొండితనం. ప్రభువు ముందే ఒక మనిషి నోట చెప్పించాడు. చెప్పినవాడు మందిరంలోకి రాడు కదా అని నేను ఆ మాట వినలేదు. నా గొప్ప కోసం వాడి ప్రాణం మీదికి తెచ్చాను. నన్ను క్షమించమని ప్రభువుని అడగండి" అని కూర్చుండిపోయాడు. ముందు వరుసలో భార్య వెక్కి వెక్కి ఏడ్చింది.

నెల తిరిగాక వాగుకు దూరంగా, గట్టు మీదుగా కొత్త పైపు వేశారు. మేస్త్రీ అరువు పనిముట్లతోనే పని చేశాడు. భుజానికి కట్టుతో బావమరిది ఒక రాయి మీద కూర్చుని ఆకాశం చూస్తుండేవాడు. వాడు "చాలు బావా, దిగు" అంటే చాలు, మేస్త్రీ సగం బిగించిన జాయింటు అలాగే వదిలి దిగొచ్చేవాడు.