నర్సమ్మ చూసిన సినిమాలు, విన్న సినిమాలు

నర్సమ్మ పోయిందని పోయిన బుధవారం పులివెందులకు కార్డు వచ్చింది. బడిలో మూడో గంట నడుస్తా ఉంటే పోస్టుమాన్ కిటికీలోంచి అందించి పోయినాడు. రాసింది ఆమె తమ్ముని కూతురు. ‘అత్త సోమవారం పొద్దున పోయింది. సాయంత్రమే మట్టి చేసినాము. మీకు తెలపమని ముందే చెప్పి ఉండింది’ అని మూడు ముక్కలు. నేను కుర్చీలో కూర్చుండిపోయినాను. ఆ గంటలో పిల్లలు ఏ లెక్క తెచ్చి చూపించినా రైటు కొట్టినట్లున్నాను. మరుసటి రోజు ఒక పిల్ల పలక తెచ్చి, “టీచరమ్మా, ఇది తప్పు కదా” అనింది.

ఆమె నాకు చుట్టం కాదు. మా కులమూ కాదు, మా మతమూ కాదు. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో ఇరవై ఏండ్లకు పైగా పనిచేసిన నర్సు. కాన్పుకో జ్వరానికో ఆ వార్డులో పడుకొని లేచిన ఆడవాళ్లు ఇది చదివితే, పేరు రాయకపోయినా ఎవరో తెలుసుకుంటారు. పొట్టి మనిషి. ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచేది. సూది వేసేముందు, నొప్పి ఉండదని ఎవరికీ చెప్పేది కాదు. “నొస్తాది. పది లెక్కపెట్టేలోగా తగ్గుతాది” అనేది.

నేను ఆ వార్డులో పడింది కర్నూలు మనకు రాజధాని అయిన కొత్తలో. నాకు అప్పుడు ఇరవై రెండేండ్లు. తొలి కాన్పు. బిడ్డ పుట్టి ఏడవలేదు. ఆ తర్వాత నాకు జ్వరం పట్టుకొని వదలలేదు. మా ఆయన పులివెందుల నుంచి వారానికొకసారి వచ్చి, మంచం పక్కన కూర్చొని, చెప్పడానికి ఏమీ లేక బత్తాయిలు ఒలిచి పెట్టి పోయేవాడు. నేను మాట్లాడడం మానేసినాను. కావాలని మానలేదు. నోరు తెరవాలంటే దేనికి తెరవాలో తెలియలేదు.

నర్సమ్మకు పదిహేను దినాలకొక శనివారం సెలవు. ఆ దినం డ్యూటీ తెల్లచీర విప్పి, నీలంరంగు చీర కట్టుకొని, బస్సెక్కి ప్రొద్దుటూరికి పోయి మధ్యాహ్నం ఆట చూసి వచ్చేది. సోమవారం కట్లు మార్చి, మందులిచ్చి, పెద్ద డాక్టరమ్మ రౌండు అయిపోయినాక, రెండు మంచాల నడుమ స్టూలు వేసుకొని కూర్చునేది. అప్పుడు కత మొదలు. వార్డులో అందరూ ఆమె వైపు తిరిగేవాళ్లు.

నా ఎడమ పక్క మంచంలో వేముల నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండింది. పుట్టినప్పటి నుంచి సినిమా ఎరగదు. కుడి పక్కన ప్రొద్దుటూరు నేతపని వాళ్ల ఇంటామె. మగ్గం ఆగిన దినమల్లా సినిమాకు పోయినదాన్నని ఆమే చెప్పుకునేది. అందుకే నర్సమ్మ కత ఆమెకు సగం నచ్చేది కాదు.

“అట్ల కాదు నర్సమ్మా, ఆ పాట ముందొస్తాది. ఆయప్పకు జొరమొచ్చేది తర్వాత,” అనేది.

“ముందొస్తే ఏంది, తర్వాతొస్తే ఏంది. జొరమొచ్చినోడు తలకు గుడ్డ కట్టుకొని అంతసేపు పాడతాడా? నేను శానామంది జొరాలు చూసినా. నీళ్లు కావల్లని అడిగే ఓపిక కూడా ఉండదు.”

“సినిమా అంటే అట్లనే ఉంటాది.”

“ఉండనీ. బాగలేదని చెప్పే హక్కు నాకుండాది గదా. టిక్కెట్టు కొనుక్కొనే చూసినా.”

అవ్వ మధ్యలో దూరేది. “ఇంతకూ ఆయప్ప బతికినాడా లేదా, అది చెప్పండి ముందు.”

డాక్టర్ల విషయంలో నర్సమ్మకు అసలు ఓర్పు లేదు. తెరమీద డాక్టరు నాడి పట్టుకొని గడియారం చూడకపోతే, ఆ సినిమా ఆమె లెక్కలో అక్కడే పోయినట్లు. చనిపోయే మనుషులు ఎక్కువ మాట్లాడతారని ఇంకో ఫిర్యాదు. కానీ ఎక్కడైనా ఒక మామూలు సంగతి నిజంగా ఉంటే దాన్ని వదిలేది కాదు. ఒక సినిమాలో కోడలు అన్నం వడ్డిస్తా, మామగారు వద్దన్న చెయ్యి చూసి గరిటె వెనక్కు తీసుకుంటుందంట. అంతే, మాట లేదు. “ఆ ఇంట్లో ఆ పిల్ల ఎంత భయపడి బతుకుతాందో ఆ గరిటె చెప్పింది” అని, ఆ ఒక్కటే మూడు వారాలు చెప్పింది.

ఒక సోమవారం ఆమె స్టూలు మధ్యలో వేయకుండా నేరుగా నా మంచం దగ్గరికి తెచ్చుకుంది. గొంతు తగ్గించి అడిగింది.

“అమ్మీ, ఈసారి చూసిన దాంట్లో ఒక బిడ్డ ఉండాది. తల్లి సాకలేక ఆ బిడ్డను పెద్దింటి అరుగుమీద పెట్టి పోతాది. ఈళ్లు చెప్పమని అడగతాండారు. నువ్వు వినలేనంటే చెప్పను. ఇంకోటి చెప్తా.”

బిడ్డ పోయినప్పటి నుంచి నా దగ్గర బిడ్డ అనే మాట ఎవరూ ఎత్తలేదు. మా అమ్మ కూడా ఎత్తలేదు. అందరూ నన్ను గాజుగిన్నె మాదిరి చూసినారు. ఈమె ఒక్కతే నన్ను అడిగింది. నేను చెప్పమని తల ఊపినాను.

ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. తల్లి కొన్నేండ్లకు అదే ఇంటికి పనిమనిషిగా వస్తుంది. బిడ్డకు అన్నం పెడుతుంది, జడ వేస్తుంది, తల్లినని మాత్రం చెప్పదు. చివరికి బిడ్డ పెండ్లి చూసి వెళ్లిపోతుంది. నేత ఇంటామె ఏడ్చింది. అవ్వ “మంచి తల్లి” అనింది. నర్సమ్మ నా వైపు తిరిగి అడిగింది. “నువ్వు చెప్పు. ఆయమ్మ చేసింది న్యాయమేనా?”

“కాదు,” అన్నాను. “ఆ పిల్లకు తెలియాల. తనను కన్నామె తన పక్కనే ఉండిందని ఆ పిల్లకు తెలియాల.”

నెలన్నర తర్వాత నేను మాట్లాడిన మొదటి మాట అది. మాట వెనకే ఏడుపు వచ్చింది. నర్సమ్మ ఓదార్చలేదు. లేచి పోలేదు కూడా. నా ఏడుపు ఆగినాక, “నాకూ అట్లే అనిపించింది. అయితే ఈళ్లిద్దరూ ఒప్పుకోరు, నువ్వే చెప్పాల” అని నా దిండు సరిచేసింది. ఆ సాయంత్రం నేనూ, వేముల అవ్వా చాలాసేపు వాదించుకున్నాము. జ్వరం మందుకే తగ్గి ఉండొచ్చు. నాకు మాత్రం ఆ వాదనతోనే తగ్గింది.

ఇల్లు చేరినాక నేను టీచరు ట్రైనింగు చేసి బడిలో చేరినాను. మాకు మళ్లీ పిల్లలు కలగలేదు. నర్సమ్మతో స్నేహం నిలిచింది. రెండుమూడు సార్లు ప్రొద్దుటూరిలో కలుసుకొని ఆడవాళ్ల బెంచీల మీద పక్కపక్కన కూర్చొని సినిమా చూసినాము. బయటికి వచ్చినాక ఎట్లుందని అడిగితే జవాబు చెప్పేది కాదు. “ఇప్పుడే చెప్తే కోపమో ఏడుపో మాట్లాడతాది. రేపు పొద్దున లేచినాక ఏది గుర్తుంటే అదే సినిమా” అనేది. ఇంటికి పోయి కార్డు రాసేది.

తర్వాత కొన్నాళ్లకు వాళ్లమ్మ మంచం పట్టింది. ఆ ముసలామె వయసులో ఉన్నప్పుడు ఊరూరా నడిచి బైబిలు వాక్యం చెప్పిన మనిషి. సినిమా అంటే పాపమని గట్టి నమ్మకం. ఇన్నేండ్లూ కూతురిని ఏమీ అనలేదంట. పోయే ముందు మాత్రం చెయ్యి పట్టుకొని, “నాకోసం అది మానుకో” అని అడిగింది. నర్సమ్మ సరే అనింది.

ఆ తర్వాత ఆమె హాలు గడప తొక్కలేదు. జమ్మలమడుగులోనే సినిమా డేరా పడి, ఆ పాటలు ఆమె ఇంటిదాకా వినపడతా ఉన్నా పోలేదు. వార్డులో సోమవారాలు కూడా ఆగిపోయినాయి. నాకు రాసిన కార్డుల్లో వానల సంగతి, మందుల సంగతి తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆమె మాట నిలబెట్టుకుంటున్నందుకు గౌరవం ఉన్నా, ఆ కార్డులు చదివితే నాకు దిగులయ్యేది.

దీన్ని మార్చింది ప్రొద్దుటూరు నేత ఇంటామె. చెల్లెలి కాన్పుకని వార్డుకు వచ్చి, స్టూలు తానే లాక్కొని కూర్చొని, “నువ్వు పోనంటివి. నేను పోయొచ్చినా. విను” అనిందంట. నర్సమ్మ చాలాసేపు ఆలోచించిందంట. “హాల్లో కాలు పెట్టనని మా అమ్మకు చెప్పినా. చెవులు మూసుకుంటానని చెప్పల్యా” అని, దుప్పట్లు మడుస్తా వినిందంట. ఈ సంగతి నాకు రాసి, కింద ‘నేను చేసింది తప్పంటావా’ అని అడిగింది. తప్పు కాదని రాసి, అదే కవరులో నేను చూసిన సినిమా కత నాలుగు పేజీలు పంపినాను.

ఆరేండ్లు అట్లా జరిగింది. ఆ వార్డులో పడుకొని లేచిన ఆడవాళ్లు వేంపల్లె నుంచి, ప్రొద్దుటూరు నుంచి ఏదో పనిమీద వచ్చి, ఆమెకు ఒక సినిమా చెప్పి పోయేవాళ్లు. చూడని సినిమాల మీద ఆమె అభిప్రాయాలు మునుపటికంటే పదునుగా ఉండేవి. ఒకసారి నేను ఒక అత్తగారి పాత్రను తిట్టి రాస్తే, ‘నువ్వు రాసిన నాలుగు పేజీల్లో ఆమెను ఎవరైనా ఒక్క మాట అడిగినారా? అడగని మనిషి అరవకుండా ఏం చేస్తాది’ అని జవాబు వచ్చింది. ఆ జవాబు చదివిన దినం నేను మా అత్తగారి పక్కన చాలాసేపు కూర్చున్నాను.

ఈ ఏడాది నా ఉత్తరాలు తగ్గినాయి. బడి పని పెరిగింది. ఆమెకు కడుపులో గడ్డ అని, తాను పనిచేసిన వార్డులోనే మంచం ఇచ్చినారని తమ్ముని కూతురు రాస్తే అప్పుడు పరుగెత్తినాను. చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. నన్ను చూసి ముందు అడిగిన మాట, “ఏం చూసినావు ఈ మధ్య?”

పులివెందుల డేరాలో చూసినది మొదలుపెట్టినాను. చదువుకుంటానన్న కూతురిని తండ్రి కొట్టి, పెండ్లి ఖాయం చేస్తాడు. ఆ పిల్ల ఇల్లు వదిలి పోతుంది. తండ్రి వెదకడం మొదలుపెట్టేసరికి నా బస్సు వేళయింది. నర్సమ్మ నా చెయ్యి వదిలి, “పో. మిగిలింది ఆదివారం వచ్చి చెప్పు” అనింది. వస్తానన్నాను.

పోలేదు. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తాడని, ఆదివారమంతా రిజిస్టర్లు సరిచేస్తా కూర్చున్నాను. ఆ సోమవారం ఇన్‌స్పెక్టరు రానేలేదు. దీనికి నేను ఎవరినీ తప్పు పట్టలేను, నన్ను తప్ప.

కార్డు వచ్చిన తర్వాతి శనివారం పోయినాను. సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు. ఆమె సామాను తీసుకోవడానికి తమ్ముని కూతురితో కలిసి వార్డుకు పోతే, పక్క మంచంలోని పెద్దామె నన్ను పట్టి పట్టి చూసింది.

“సగం కత చెప్పి పోయిన టీచరమ్మవు నువ్వేనా?”

నేనే అన్నాను.

“ఆ సగం మాకందరికీ చెప్పింది నర్సమ్మ. మిగిలింది ఎట్లుంటాదని వారమంతా కొట్లాడుకున్నాము. ఆ పిల్ల తిరిగొచ్చి నాయన కాళ్లమీద పడతాదని మేమంటిమి. కాదనింది ఆయమ్మ. ‘ఆ పిల్ల రాదు. నాయనే పోవాల. పోయి, చదువుకో అని చెప్పి ఒక్కడే తిరిగి రావాల’ అనింది. ఎట్ల అయితాదమ్మా చివర్న?”

స్టూలు మీద కూర్చున్నాను. కూర్చొని, మిగిలిన కత చెప్పినాను. ఆ పిల్ల తిరిగి వస్తుంది. తండ్రి కాళ్లమీద పడుతుంది. పెండ్లి జరుగుతుంది.

మూలమంచంలో పసిబిడ్డకు పాలిస్తా ఉన్న ఒక చిన్నామె, “నర్సమ్మ చెప్పిందే బాగుండాది” అనింది. పెద్దామె ఒప్పుకోలేదు. తండ్రి ఎట్లా పోతాడనింది. పోతే ఏమి అని అడిగింది ఇంకొకామె. నేను నీలంరంగు చీర, బైబిలు, నా ఉత్తరాల కట్ట ఉన్న సంచి తీసుకొని లేచినాను. నేను లేచింది వాళ్లు చూడలేదు.

వరండా దాటి గేటు దాకా వచ్చినా వాళ్ల గొంతులు వినపడతానే ఉన్నాయి. పెరట్లో ఎండకు ఆరిన దుప్పట్లను ఇద్దరు కొత్త నర్సులు దించుతా ఉన్నారు. ఒక్కొక్క దుప్పటి చెరో కొస పట్టుకొని, దూరం జరిగి బిర్రుగా లాగి, ఒకరికొకరు ఎదురు నడిచి, అంచుకు అంచు కలిపి మళ్లీ దూరం జరుగుతా ఉన్నారు. పెన్న మీంచి వచ్చిన గాలికి దుప్పటి మధ్యలో ఉబ్బి, మెల్లగా కిందికి దిగింది.