ఎదురొడ్డున మా టీచరుగారు

కాస్త ఇలా దగ్గరకు జరగండమ్మా, ఆ పీట లాక్కుని కూర్చోండి. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. ఈ ఉదయం కుళాయి తిప్పగానే బ్లీచింగు వాసన గుప్పున కొట్టింది. ఇంట్లో అందరూ ముక్కు మూసుకున్నారు గానీ నేను మాత్రం కుళాయి కట్టకుండా అక్కడే నిలబడ్డాను. పదమూడేళ్ళ పిల్లనై, ఎవరివో ఈత బట్టలు తొడుక్కుని, బెజవాడలో ఆ నీలం నీళ్ళ ముందు వణుకుతూ నిలబడ్డట్టే అనిపించింది. నన్ను ఆ నీళ్ళ దగ్గరకు తీసుకెళ్ళిన రాజ్యలక్ష్మి టీచరుగారిని మీరెవరూ చూడలేదు. చూసి ఉంటే ఎంత బాగుండేది!

మాది ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణ ఒడ్డు. మా అయ్య వల వేసేవాడు, అమ్మ చేపలు అమ్మేది. టీచరుగారు మా బడిలో డ్రిల్లు చెప్పేవారు. పొట్టి మనిషి, మెడలో ఈల, చీర కింద మగవాళ్ళ బూట్లు. ఈత రిలే పోటీకి నలుగురు ఆడపిల్లల జట్టు కట్టారు. మొదటి రెండు స్థానాల్లో వస్తే రాష్ట్ర పోటీలకు వెళ్ళవచ్చు. ఈసారీ ఉత్త చేతులతో తిరిగొస్తే జట్టు మాటే మరిచిపొమ్మని హెడ్మాస్టరుగారు ముందే చెప్పేశారు. సరిగ్గా పది రోజులుందనగా నాలుగో పిల్లకు ఆటలమ్మ పోసింది. అప్పుడు రేవుకొచ్చిన టీచరుగారికి, పడవ తాడు పళ్ళతో కరుచుకుని ఏటికి అడ్డంగా ఈదుతున్న నేను కనిపించాను.

"ఈ పిల్లను రెండు రోజులు నాతో పంపండి" అని మా అయ్యను అడిగారు.

అయ్య పడీపడీ నవ్వాడు. "ఈతకు కూడా పోటీలేంటండీ టీచరుగారూ? రేపు అన్నం తినడానిక్కూడా పోటీ పెడతారేమో!"

"పెడితే దానికీ మీ నాగమణినే తీసుకెళ్తాను. ముందు దీనికి పంపండి."

శనివారం బెజవాడ ఈత కొలనులో విడి పందెం, ఎవరికి వాళ్ళమే ఈదాలి. ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక్కసారే, యాభై మీటర్లు. ఈల మోగగానే దూకాను. ఏం వేగమనుకున్నారు! పక్కనున్న వాళ్ళందరూ వెనకబడ్డారు. సగం దూరం వెళ్ళేసరికి నా భుజం లైనుకు కట్టిన తాడుకు తగిలింది. ఏట్లో అడ్డొచ్చిన తాడును ఏం చేస్తాం? కింద నుంచి దూరి అవతలికి వెళ్ళిపోయాను. వెళ్ళి పక్క లైనులో పిల్లను గుద్దాను. ఇంకేముంది, నన్ను పందెం నుంచి తీసేశారు.

మా జట్టులో పెద్దది సునీత. తువ్వాలు నా మొహాన విసిరి, "ఏమే, చేపల పిల్లా! దారి తెలియని చేపను ఇప్పుడే చూస్తున్నా. టీచర్, రేపు ఇది రిలేలో ఉంటే మనం ఇంటికే" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది గానీ, అందులో తప్పేముంది?

టీచరుగారు తిట్టలేదు. మెట్ల మీద నా పక్కన కూర్చుని అడిగారు. "కుడివైపుకే ఎందుకు పోయావే?"

"ఎగువ అటే కదండీ."

"ఎగువేంటే?"

"మా రేవు నుంచి అవతలికి ఈదాలంటే ఎగువకేసి ఈదాలండి. లేకపోతే ఏరు కిందకి లాక్కెళ్ళిపోద్ది."

ఆవిడ నోరు తెరిచి నన్నే చూశారు. "ఈ నీళ్ళు పారవే, తల్లీ!"

"తెలుసండి. నా చేతులకు తెలీదండి."

ఆవిడ జట్టుకు ఈత నేర్పేది ఒక పుస్తకం చూసి. తల నీళ్ళలో ముంచి, అడుగున ఉన్న నల్ల గీత చూస్తూ ఈదాలని పుస్తకంలో ఉందట. మేము తల ఎత్తి ఈదుతాం, పడవ ఎటుందో చూడాలిగా. ఒక్క రాత్రిలో నా తల ముంచడం తనవల్ల కాదన్నారు. "రేపు ఆఖరి పిల్లవు నువ్వే. అవతలి చివర నీ లైనుకు ఎదురుగా నేను నిలబడతాను. తల ఎత్తే ఈదు. నన్నే చూడు. నీ చేతికి గోడ తగిలేదాకా నేను కదలను."

ఆదివారం ఆ కొలను చుట్టూ అరుపులు చెవులు చిల్లులు పడేట్టున్నాయి. మూడో పిల్లగా సునీత వచ్చి గోడ తాకేసరికి మేము నాలుగో స్థానంలో ఉన్నాం. దూకాను. తల ఎత్తగానే బూట్లు, పసుపుపచ్చ చీర, ఈల కనిపించాయి. ఎవరో వాలంటీరు "పక్కకు జరగండమ్మా" అంటున్నాడు. "ఆ పిల్ల వచ్చేదాకా జరగను, ఏం చేసుకుంటావో చేసుకో!" అని ఆవిడ కేక నీళ్ళలోకి కూడా వినిపించింది. చేతులు కుడికి లాగితే నేను చీర వైపుకు లాగాను. ఒక పిల్ల వెనకబడింది. ఇంకో పిల్ల కాళ్ళ నురగ నా చెంప పక్కనే. చీర పెద్దదైంది, ఇంకా పెద్దదైంది. గోడ మీద అరచెయ్యి కొట్టాను.

అంతే! ఢబ్బుమని టీచరుగారు నా పక్కన నీళ్ళలో పడ్డారు. సంతోషం పట్టలేక గెంతితే బూటు జారింది. నవ్వుతున్నాను గానీ, ఆవిడ పైకి రావడం లేదు. అప్పుడర్థమైంది, జట్టుకు ఈత నేర్పిన మనిషికే ఈత రాదని! మునిగే వాళ్ళను మా వాళ్ళు లాగినట్టే కొప్పు పట్టి పైకి లాగాను.

ఇంకో జట్టు మాస్టారు రిఫరీ దగ్గరకు పరిగెత్తాడు. పందెం పూర్తికాకుండా వాళ్ళ మనిషి నీళ్ళలోకి దిగింది, ఆ జట్టును తీసేయాలని పట్టుబట్టాడు. సునీత నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. రిఫరీ పుస్తకం తిరగేసి, నీళ్ళు కారుతున్న టీచరుగారిని ఎగాదిగా చూసి, "ఈ రూలు ఈతగాళ్ళకండీ. ఈవిడ ఈదలేదుగా, మునిగారు" అన్నాడు. రెండో స్థానం మాదే! అరిచిన అరుపుకు నా గొంతు రెండు రోజులు రాలేదు.

"కదలనని మాటిచ్చి కదిలానే" అన్నారు టీచరుగారు, చీర పిండుకుంటూ.

"నా చెయ్యి తగిలాకే కదిలారండీ" అన్నాను.

రాష్ట్ర పోటీల్లో అందరికన్నా వెనక వచ్చాం, అది వేరే సంగతి. తర్వాతి ఆదివారం ఆవిడ మా రేవుకొచ్చి, మోకాలి లోతులో నిలబడి, "ఊఁ, నేర్పవే" అన్నారు. పిల్ల దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడని పెద్ద మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. నేను ఎనిమిదితోనే చదువు ఆపేశాను, పిల్లల పుస్తకాల్లో ఏముందో నాకు తెలియదు. అయినా మా అమ్మాయి లెక్కలతో కుస్తీ పడుతుంటే ఎదురుగా కూర్చుంటాను. లెక్క తేలేదాకా లేవను. "నీకు రాదుగా అమ్మా, ఎందుకు కూర్చుంటావు?" అంటుంది. నాకు రాకపోయినా పర్వాలేదు, తల ఎత్తితే నేను కనబడాలి.

మీ ఇంట్లో ప్రతి బిడ్డకూ ఎదురొడ్డున అలాంటి మనిషి ఒకరుండాలి. మీ పొయ్యి వెచ్చగా, మీ గడప సందడిగా, మీ వాళ్ళందరూ క్షేమంగా ఒడ్డు చేరుతూ ఉండాలి, తల్లీ.