రికార్డుల ఆఫీసుకి నాన్న దరఖాస్తు

మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. చనిపోయినవాళ్లు ఇటువైపు తిరిగి రారని చిన్నప్పుడే నేర్పారు. పైగా భిలాయి ఉక్కు ప్లాంటులో ఒక డిపార్టుమెంటుకి వచ్చే ఉత్తరాలు చూడడం నా ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా ముద్ర, తేదీ, సంతకం చూడకుండా ఏ కాగితాన్నీ నమ్మింది లేదు. ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు తటపటాయించాను.

మా నాన్న సాల్మన్‌ది విజయనగరం దగ్గర ఓ పల్లె. డెబ్బై ఒకటి యుద్ధంలో కమాండో దళంలో ఉన్నారు. తర్వాత సైన్యం వదిలి భిలాయి వచ్చి ప్లాంటు ఫైర్ బ్రిగేడ్‌లో చేరారు. మాకు తెలిసింది ఇంతే. యుద్ధం మాట ఎత్తితే చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయేవారు. చివరి ఏడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. సెక్టర్ 7లో మా క్వార్టర్లోనే కన్నుమూశారు.

ఆయన పోయిన ఏడాదికి భిలాయిలోనే రిసాలిలో చిన్న ఇల్లు కట్టుకుని అమ్మతో పాటు మారిపోయాను. కొన్ని నెలల తర్వాత ఆయన ట్రంకు పెట్టె తెరిస్తే ఒక పతకం, గుడ్డ మీద కుట్టిన రెక్కల బ్యాడ్జీ దొరికాయి. కాగితం ఒక్కటీ లేదు. అప్పటినుంచి నాకు కుదురు లేదు. నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషి గురించి నాకేమీ తెలియదన్న ఊహే నిలవనివ్వలేదు. సైన్యం రికార్డుల ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను.

రెండు నెలలకి కవరు వచ్చింది. అందులో నాన్న సర్వీసు వివరాలు అర పేజీ ఉన్నాయి. దాని వెనక ఇంకో ఉత్తరం. 'ఇదే చిరునామా నుంచి వచ్చిన ఇంతకుముందటి దరఖాస్తుకు: సదరు సైనికుడి వివరాలు అతని కుటుంబ సభ్యులకు మాత్రమే ఇవ్వగలం' అని ఉంది. ఆ దరఖాస్తు నకలు కూడా జతచేశారు.

నేను పంపింది ఒక్కటే దరఖాస్తు.

నకలు హిందీలో ఉంది. అక్షరాల మీద గీత లేదు. నాన్న హిందీ సైన్యంలో నేర్చుకున్నారు, పై గీత ఎప్పుడూ పెట్టేవారు కాదు. చిన్నప్పుడు దానికోసం నేను ఆయనతో పోట్లాడేదాన్ని. సుఖ్‌రామ్ అనే సైనికుడికి ఏమైందో అతని ఇంటివాళ్లకి తెలియజేయమని అందులో కోరారు. అతని చెల్లెలు ఫూల్‌బాయి, భిలాయి పక్కనే ఉన్న జాముల్‌లో ఉంటుందని రాశారు. కింద నాన్న సంతకం. చేతిలో వణుకు ఆనవాలే లేదు.

ఆఫీసువాళ్ల రసీదు ముద్ర నా దరఖాస్తుకి నెల ముందుది. అంటే నాన్న పోయి అప్పటికి ఏడాదిన్నర.

తమ్ముడు కిరణ్‌కి చూపించాను. "దీదీ, నాన్న ముందే రాసుకుంటే ఎవరో ఇప్పుడు పోస్టు చేసుంటారు, బస్," అన్నాడు. పైన రాసిన చిరునామా చూపించాను. రిసాలి ఇంటి నంబరు. నాన్న బతికుండగా ఆ స్థలంలో పునాది కూడా లేదు. వాడు కాగితం తిరగేసి మరగేసి చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

అమ్మకి చదవడం రాదు. అయినా వేలితో తడిమి చూసింది. "మీ నాన్న రాతేనే ఇది. ఆ పేరు ఏటో నాకు తెల్దు గానీ ఒకటి చెప్తాను. వైజాగ్‌లో ఉద్యోగం చేతికొచ్చింది. కాదని ఈయన ఇక్కడికే వస్తానన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు."

ఆ వారమంతా ఆఫీసులో సీట్లో కూర్చోలేకపోయాను. శనివారం పొద్దున్న కిరణ్ స్కూటర్ మీద జాముల్ వెళ్లాం. సిమెంటు ఫ్యాక్టరీ వెనక బస్తీలో ఇద్దర్ని అడిగేసరికి ఇల్లు దొరికింది. ఫూల్‌బాయికి డెబ్బై దాటాయి. గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అన్న పేరు చెప్పగానే చేట పక్కన పెట్టింది.

అన్న లాపతా అని అప్పట్లో టెలిగ్రాం వచ్చిందట. కనిపించడం లేదని దాని అర్థం. ఆ తర్వాత సైన్యం నుంచి ఏ కబురూ రాలేదట. ఊరు మాత్రం పారిపోయాడని తేల్చింది. అవతలి దేశంలో పెళ్లి చేసుకున్నాడని కూడా అన్నారట. వాళ్ల నాన్న నలుగురిలోకి వెళ్లడం మానేసి, అలాగే పోయాడు.

"ఇన్నేళ్లకి మీరెందుకొచ్చారు?" అని హిందీలో అడిగింది.

మా నాన్న, మీ అన్న ఒకే దళమని మాత్రం చెప్పాను. ఉత్తరం సంగతి నోటికి రాలేదు. ఆమె పేరుతో దరఖాస్తు రాసి వేలిముద్ర వేయించాను.

నాలుగు నెలలకి ఆమె ఇంటికే జవాబొచ్చింది. ఆమె కబురు పెడితే వెళ్లి చదివాను. సుఖ్‌రామ్ పారిపోలేదు. పని ముగించుకుని తిరిగొస్తూ నదిలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. చూసిన సాక్షి ఒక్కడే, సాల్మన్. వాంగ్మూలం నాలుగు వాక్యాలు.

'తాడు ఒక కొస నా చేతిలో ఉంది, రెండో కొస సుఖ్‌రామ్ నడుముకి ఉంది. వెనకనుంచి కాల్పులు మొదలయ్యాయి. తాడు చెయ్యి దాటిపోయింది. జారిందో నేనే వదిలానో చెప్పలేను.'

చివరి వాక్యం చదవకుండా వదిలేద్దామనుకున్నాను. చదివాను.

ఫూల్‌బాయి లేచి గుమ్మంలోకి వెళ్లి, ఎదురింటి వాళ్లకీ పక్కింటి వాళ్లకీ వినబడేలా అరిచింది. "మోర్ భాయీ భాగే నై రిహిస్!" మా అన్న పారిపోలేదని. ఒకసారి కాదు, గొంతు జీరపోయేదాకా.

లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుంది. "నీ బాపు ఇక్కడే ఉండేవాడా?"

"సెక్టర్ 7లో. నలభై ఏళ్లు."

"అరగంట దారి," అంది. "రావాల్సింది. ముందు తిట్టేదాన్ని. తర్వాత చాయ్ ఇచ్చేదాన్ని." ఆ చాయ్ నాకు పెట్టింది. నేను ఏడుస్తూనే తాగాను.

తర్వాత రికార్డుల ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాను. నాన్న దరఖాస్తు వచ్చిన కవరు ఉందా అని అడిగితే కవర్లు దాచరని చెప్పారు. అసలు కాగితం ఫైల్లోనే ఉందట. నీలం సిరా, చేతిరాత, జిరాక్సు కాదు అన్నాడు గుమస్తా. ఆయన చనిపోయారని చెప్తే, "మరి ఇది ఎవరు పంపారు మేడమ్?" అని నన్నే అడిగాడు. ఆ ఇంటి నంబరు తెలిసిన వాళ్లందర్నీ ఒక్కొక్కరిగా తలుచుకున్నాను. వాళ్లలో సుఖ్‌రామ్ పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

నా నమ్మకం మారిందా అంటే మారలేదు. దెయ్యాలు లేవనే ఇప్పటికీ చెప్తాను. ఆ రాత ఎవరిదని అడిగితే మాత్రం మా నాన్నదే అంటాను. రెండూ ఒకేసారి ఎలా నిజమో నాకు తెలియదు.