కలరా ఉండల కోటు

ముక్కు చెప్పే సాక్ష్యాన్ని నేనెన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. గాలిలో ఏమున్నదో అంకె చెప్పాలి. 1999లో సింగపూరులో మా ముగ్గురి బృందం చేసిన పని అదే. బల్లంతా ఆక్రమించే వాయు విశ్లేషణ యంత్రాన్ని చెప్పుల పెట్టె అంతకు కుదించాము. వందకోట్ల పాళ్ళ గాలిలో కొద్ది పాళ్ళు మాత్రమే కలిసిన కర్బన పదార్థాల ఆవిరిని కూడా అది పట్టి, తెరపై గీతగా చూపేది. లోకమంతా సాఫ్ట్‌వేరు వైపు పరుగెడుతున్న రోజులవి. ఒక కంప్యూటరు చిప్పుల కర్మాగారం మా యంత్రాన్ని పరీక్షించి ఒప్పుకోకపోతే ఈ పని ఇక మూసివేస్తామని మా యాజమాన్యం ముందే చెప్పింది.

పరీక్ష వుడ్‌ల్యాండ్స్‌లోని ఆ కర్మాగారంలోనే. ఆ ఉదయం బూన్ లేలోని మా ఫ్లాట్‌లో నా భార్య, కొనేవాళ్ళ ముందుకు ఉత్త చొక్కాతో వెళ్ళకూడదని, కలరా ఉండలు వేసి దాచిన నల్లకోటు నాకు తొడిగింది. ముందురోజే ఆరబెట్టానని, వాసన లేనే లేదని హామీ కూడా ఇచ్చింది.

పరీక్షకు కేటాయించిన గదిలో యంత్రం గాలి పీల్చిన కాసేపటికి తెరపై ఒక గీత నిటారుగా లేచింది. మా పట్టిక ప్రకారం అది నాఫ్తలీన్. తమ భవనంలో అటువంటి పదార్థమే లేదని అక్కడి మేనేజరు మర్యాదగానే అన్నాడు. కాని కలానికి మూత పెట్టేశాడు. మా బృందంలోని ఇంజనీరు, మలేసియాలో పుట్టిన తెలుగమ్మాయి, గొట్టం విప్పి శుభ్రపరిచి మళ్ళీ బిగించింది. ఫలితం మారలేదు. అంకె చూద్దామని నేను వంగినప్పుడు గీత పెరిగింది. కిటికీ దగ్గరకు జరిగితే తరువాతి కొలతలో తగ్గింది. మరొకసారి అలాగే జరిగాక నా కోటు వంక చూసుకున్నాను. కలరా ఉండలను చేసేది నాఫ్తలీన్‌తోనే.

ఆమె కూడా అటే చూస్తున్నది.

“అంకుల్, మెషీన్ కరెక్టే లా. పొల్యూషన్ మీరే,” అన్నది, అక్కడివాళ్ళు మాటకు తగిలించే ‘లా’ కలిపి.

కోటు విప్పి వరండాలో పెట్టించాను. గీత క్రమంగా కుంగి అడుగుకు ఆనింది. లోపలికి తెస్తే లేచింది. ఆ తరువాత మేనేజరే స్వయంగా దాన్ని బయటికి మోయడం, లోపలికి తేవడం భోజనం వేళ దాటినా ఆపలేదు. చివరికి యంత్రాన్ని ఆ నెలంతా తమవద్దే ఉంచమన్నాడు. పరీక్షలకు నికరంగా పనికివస్తుంది కనుక కోటును కూడా.

చొక్కాతో ఇల్లు చేరాను. కోటేదని నా భార్య గుమ్మంలోనే అడిగింది.

“దానికి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. మా ఉద్యోగాలూ నిలిచాయి,” అన్నాను.

“ముందే చెబితే, ఊడిన గుండీ కుట్టి పంపేదాన్ని కదండీ,” అన్నది.