నిలబెట్టి తీసిన స్కాన్

పాతికేళ్లకు పైగా నేను మోస్తున్నది రెండే రెండు మాటలు. "ఏమీ లేదు." నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టిన మాటలు. వాటి సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. పూజగదిలో కూర్చున్నప్పుడు కూడా నాకు కావలసినవి అడిగానే గాని, ఇది మాత్రం నోట రానివ్వలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

క్షమించమని అడగడానికి కాదు. నాకు కోపంగా ఉంది. ముందు నా మీద, తరువాత నాలాంటి వాళ్లందరి మీద. ఈ కోపం చల్లారితే మళ్లీ రాయలేను.

నేను గుంటూరులో చదువుకున్న స్కానింగ్ డాక్టర్ని. ఈ దేశంలో అందరికీ ఓటు వచ్చిన రెండు మూడేళ్లకు, డర్బన్‌కు ఉత్తరాన ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చేరాను. అప్పటిదాకా ఒంటిరంగును బట్టి విడివిడిగా ఉన్న వరసలు అప్పుడే ఒకటయ్యాయి. జనం తెల్లవారకముందే వచ్చి కూర్చునేవాళ్లు. కొత్త ప్రభుత్వం, కొత్త రోజులు, ఇక మన మాట వింటారు అన్న నమ్మకం వాళ్ల ముఖాల్లో కనిపించేది. ఆ నమ్మకంతోనే లీల నా దగ్గరికి వచ్చింది.

లీలది ఆ పక్కనే ఉన్న వెరులం ఊరు. ముప్ఫై ఎనిమిదేళ్లు, నలుగురు పిల్లలు. చెరుకు కొట్టడానికి విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చిన వాళ్ల మునిమనవరాలు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని. రోజంతా నిలబడే చెయ్యాలి. మాట్లాడేది ఇంగ్లీషే గాని, అందులో అమ్మ, కడుపు, నొప్పి, రెండు మూడు తిట్లు మాత్రం మిగిలిపోయాయి. నా పేరు చూసి తెలుగుదాన్నని పోల్చుకుని, మిగిలిన ఆ కాస్త తెలుగునూ నాకోసం పోగేసి మాట్లాడేది. ఆమె తెలుగులో 'మీరు' లేదు. నన్ను అక్కా అనేది, మాట చివర ఇక్కడివాళ్లలా 'మాన్' అని తగిలించేది.

ఆమె బాధ ఇది. పొద్దున్న లేస్తే ఏమీ ఉండదు. మధ్యాహ్నానికి పొత్తికడుపులో బరువు మొదలవుతుంది. సాయంత్రం నాలుగింటికి కడుపు కిందికి జారిపోతున్నంత లాగుడు. పడుకుంటే తగ్గుతుంది. భర్త దగ్గరికి వెళితే ఆ తరువాత రెండు రోజులు మంట. ఈ చివరి సంగతి తల వంచుకుని చెప్పింది.

ఆమెకు కావలసింది కూడా పెద్దదేమీ కాదు. అదే ఫ్యాక్టరీలో గుండీలు సరిచూసే బల్ల దగ్గర కూర్చుని చేసే పని ఉంది. అక్కడికి మార్చాలంటే ఫలానా జబ్బు ఉందని డాక్టరు కాగితం ఇవ్వాలి. ఆ ఒక్క కాగితం.

రెండుసార్లు స్కాన్ చేశాను. రెండుసార్లూ పొద్దున్న తొమ్మిదింటికి, పడుకోబెట్టి. రెండుసార్లూ ఏమీ లేదని రాశాను. ఆ కాగితాలు చూసి ఆడవాళ్ల విభాగంలోని పెద్ద డాక్టరు ఆమె కార్డు మీద 'మానసికం' అని రాశాడు. మూడోసారి ఆమె లోపలికి వచ్చింది గాని స్కాన్ బల్ల ఎక్కలేదు.

"అక్కా, నువ్వు నన్ను పొద్దున్న పడుకోబెట్టి సూస్తావ్. పొద్దున్న నాకు నొప్పి లేదు మాన్. ఫోర్ ఓ క్లాక్‌కి ఒస్తాది. ఫ్యాక్టరీ నించి స్ట్రెయిట్ ఒస్తాను. నిలబెట్టి సూడు."

"స్కాన్ పడుకోబెట్టే చేస్తారు లీలా."

"ఎవరు సెప్పినారు?"

మేం పడుకోబెట్టేది మాకు వీలు గనక. పొద్దున్నే చేసేది మా లిస్టు మధ్యాహ్నానికి అయిపోవాలి గనక. గురువారం నాలుగింటికి రమ్మన్నాను.

వచ్చింది. షేర్ ట్యాక్సీ దిగి నేరుగా వచ్చింది. పాదాలు వాచి ఉన్నాయి. స్కాన్ బల్ల పక్కన నిలబడి, దాని కమ్మీ పట్టుకుంది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమె పొత్తికడుపు మీద ప్రోబ్ పెట్టాను.

కనబడింది. గర్భసంచికి ఎడమ పక్కన, పొద్దుటి స్కాన్లలో సన్నని గీతల్లా ఉన్న సిరలు లావుగా, వంకరటింకరగా, నల్లగా నిండి ఉన్నాయి. ఊపిరి బిగబట్టి ముక్కమన్నాను. ఇంకా ఉబ్బాయి. కొలిచాను. ఎనిమిది మిల్లీమీటర్లు. కాళ్లలో నరాలు ఉబ్బుతాయే, పొత్తికడుపులోనూ అలాగే ఉబ్బుతాయి. కాన్పుల తరువాత సిరల్లోని కవాటాలు వదులైపోతే, పైకి పోవలసిన రక్తం కిందికి జారి నిలవుంటుంది. నిలబడేకొద్దీ నిండుతుంది, పడుకుంటే ఖాళీ అవుతుంది. ఇది నేను చదివాను. చదివిన ఆ ఒక్క పేరా, ఏడాదిగా లీల తన విరిగిన మాటల్లో చెబుతున్నదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

"నొప్పి అక్కడే అక్కా. ఏటన్నా ఉందా?"

"ఏమీ లేదు లీలా."

స్క్రీన్ ఆమె వైపు తిప్పలేదు. బొమ్మ ప్రింటు తియ్యలేదు. మీట నొక్కి చెరిపేశాను. మూడో రిపోర్టులోనూ ఏమీ లేదనే రాసి సంతకం పెట్టాను. ఆమె కడుపు తుడుచుకుని, థాంక్యూ అక్కా అని వెళ్లిపోయింది.

ఎందుకు చేశాను? ఇన్నేళ్లూ నాకు నేను రకరకాల జవాబులు చెప్పుకున్నాను. పరాయి దేశపు డాక్టర్ని, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించాలి, పెద్ద డాక్టరు రాసినదానికి ఎదురు రాస్తే ఏమవుతుందో అని. పిల్లల్ని కన్న ఆడవాళ్లందరికీ అవి లావుగానే ఉంటాయి, రాయడం మొదలుపెడితే వెరులం మొత్తం వచ్చి వరసలో నిలబడుతుంది అని ఆయన ఒకసారి టీ తాగుతూ అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. పైగా దానికి అప్పట్లో మా దగ్గర వైద్యం లేదు, రాసి ఏం లాభం అని.

అన్నీ సాకులు. ఆమె వైద్యం అడగలేదు, కూర్చోవడానికి కాగితం అడిగింది. అసలు కారణం చెబుతాను. ముందటి రెండు రిపోర్టుల మీద నా సంతకం ఉంది. మూడోదానిలో ఉందని రాస్తే ఆ రెండూ తప్పని ఒప్పుకున్నట్టే. ఆ తప్పు దిద్దింది ఎవరు? ఏ ప్రొఫెసరో అయితే సంతోషంగా ఒప్పుకునేదాన్ని. దిద్దింది చొక్కాలు ఇస్త్రీ చేసే మనిషి. అది నాకు మింగుడు పడలేదు. అంతే. ఇంతకంటే గౌరవమైన కారణం ఏదీ లేదు.

ఆ రోజుల్లో ఈ దేశంలో రేడియో పెడితే ఒప్పుకోళ్లే. పాత ప్రభుత్వంలో మనుషుల్ని హింసించిన వాళ్లు, నిజం చెబితే క్షమించే కమిషన్ ముందు కూర్చుని తాము చేసింది చెప్పేవాళ్లు. స్కాన్ గదిలో అది వింటూ, ఎలా చెయ్యబుద్ధయింది వీళ్లకు అని నేను నర్సులతో అనేదాన్ని. నాకు సిగ్గు వెయ్యలేదు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

తరువాత జరిగింది త్వరగా చెప్పేస్తాను, నెమ్మదిగా చెబితే ఆగిపోతాను. మూడు రిపోర్టుల్లోనూ ఏమీ లేదు, మనిషి గోల మానదు, పిల్లలు ఎలాగూ చాలు. పెద్ద డాక్టరు గర్భసంచి తీసేద్దామన్నాడు. ఆపరేషన్ల బోర్డు మీద లీల పేరు చూశాను. చదివాను. టీ తాగడానికి వెళ్లాను. గర్భసంచి తీసేశారు. నేను చూసిన సిరలు మాత్రం లోపల అలాగే ఉన్నాయి. ఆమె మళ్లీ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడిన కొన్నాళ్లకే నొప్పి తిరిగొచ్చింది. సెలవులు ఎక్కువయ్యాయని ఫ్యాక్టరీ వాళ్లు పనిలోంచి తీసేశారు. వార్డు సిస్టర్ చెప్పగా విన్నాను.

నిలబడితే వచ్చే నొప్పిని మేం పడుకోబెట్టి వెతికాం. దొరక్కపోయేసరికి బుర్రలో ఉందన్నాం. ఇలాగే సిరలు ఉబ్బడం మగవాళ్లకు వృషణాల దగ్గర వస్తే దానికి చక్కగా ఒక పేరుంది, ఆపరేషన్ ఉంది, వాళ్ల మనసు ఎలా ఉందని ఎవరూ అడగరు. ఆడదానికి వస్తే మాత్రం మొదటి అనుమానం ఆమె మీదే. మరి ఆ ఆసుపత్రిలో దాన్ని కళ్లారా చూసింది ఒక ఆడదే కదా? ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నా కోపానికి వేరే దిక్కు ఉండదు.

పోయిన నెల డర్బన్‌లోని ఓవర్‌పోర్ట్‌లో కూరగాయల కొట్టులో లీల కనబడింది. జుట్టంతా తెల్లబడింది. నన్ను తనే గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. పక్కన పెద్ద కూతురు, పొత్తికడుపు మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది. లీల ఆమెకు నన్ను చూపించింది.

"ఈ అక్క ఒక్కతే నన్ను నిలబెట్టి సూసింది. ఏటీ లేదని ఈ అక్కే సెప్పింది. నీకూ సేమ్, ఓర్సుకో."

నా అబద్ధం తల్లి నుంచి కూతురికి అందింది. నేను ఆ అమ్మాయిని పక్కకు పిలిచాను. సాయంత్రం పూట, నిలబెట్టి స్కాన్ చెయ్యమని అడుగు, ఇప్పుడు దీనికి వైద్యం ఉంది, సన్నని గొట్టం లోపలికి పంపి ఆ సిరను మూసేస్తారు అని చెప్పి, ఎలాంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలో రాసిచ్చాను. లీల అంతా విన్నది. నా ముఖంలోకి చూసింది.

"నాకు లేదన్నావ్ కదా అక్కా?"

చెప్పడానికి అంతకంటే మంచి క్షణం ఇక రాదు. నేనేమన్నానో తెలుసా? "అప్పటి మెషీన్లు వేరు లీలా" అన్నాను. మెషీన్‌కు బాగానే కనబడింది. లీల తల ఊపి, నీ తప్పు కాదులే అన్నట్టు నా భుజం తట్టింది. ఆమెకు తెలియక తట్టిన ఆ చెయ్యిని క్షమాపణ కింద లెక్కవేసుకునేంత సిగ్గులేనిదాన్ని కాను.

ఇది ఇంగ్లీషులో రాసి ఆమెకు పంపుతానా? పంపాలి. ఇంతవరకు నా ధైర్యం ఎంతో మీరు చూశారు గనక మాట ఇవ్వను. ఆ గురువారం రాయవలసినది మాత్రం ఇప్పుడు రాస్తున్నాను.

రోగిని నిలబెట్టి పరీక్షించాను. గర్భసంచికి ఎడమవైపు సిరలు ఉబ్బి ఉన్నాయి. ఎనిమిది మిల్లీమీటర్లు. ఊపిరి బిగబట్టినప్పుడు ఇంకా పెరిగాయి. రోగి చెబుతున్న నొప్పికి ఇదే కారణం. ఆమెకు కూర్చుని చేసే పని ఇవ్వాలి.

సంతకం పెట్టాను. గుండె మీద బరువు కాస్త తగ్గింది. తగ్గింది నాకే, ఆమెకు కాదు.