ప్రసాదం మేస్త్రి వేసిన వాటం

ఆ రోజుల్లో ఒక మనిషిని తిట్టాలంటే ఆ మనిషి ఉన్న చోటికి పోవాల్సి వచ్చేది. సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాలేదు. ఇప్పుడైతే కోపం వచ్చిన నిముషానికే ఫోను తీసి నాలుగు మాటలు అనేసి, మిగిలిన కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. అప్పుడు మన కోపాన్ని మనమే సైకిలెక్కించుకుని, ఊరంతా తొక్కుకుంటూ, దారిలో తెలిసినవాళ్ళు పలకరిస్తే నవ్వుతూ జవాబు చెప్పి, అది చల్లారిపోకుండా అవతలివాడి గడప దాకా మోసుకుపోవాలి. ఇరవై దాటిన కొత్తలో నేను అట్లా నిండు కోపంతో ఒకే ఇంటికి చాలాసార్లు బయలుదేరాను. ప్రతిసారీ ఒక లడ్డు తిని తిరిగొచ్చాను.

మాది తిరుపతి. డిగ్రీ అయిపోయాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో కౌంటరు గుమాస్తా. అక్కడ నేను నేర్చుకున్న విద్య ఒకటే. పై గదిలోంచి ఎవరో ఒంటి నిండా సబ్బు నురగతో, తుండు చుట్టుకుని దిగి వచ్చి "ఏమయ్యా, నీళ్ళు ఆగిపోయాయి!" అని అరిస్తే, "అయ్యో, అలాగా సార్! ఇప్పుడే మనిషిని పంపిస్తా" అని మర్యాదగా చెప్పి, ఎవర్నీ పంపకపోవడం. (ఆ మనిషి ఎవరో నాకూ తెలీదు. నేను చేరకముందే మానేసి ఉంటాడు.) కాబట్టి మా ఇంట్లో బాత్రూము కొత్తగా చేయించాలన్న మాట వచ్చినప్పుడు మా నాయన ఆ పని నా నెత్తిన పెట్టాడు. "నువ్వు దినామూ అవే కదరా సూస్తా ఉండేది. నువ్వే దగ్గరుండి సేయించు" అన్నాడు. నేను దినామూ చూసేది బాత్రూముల్ని కాదు, బాత్రూముల వల్ల వచ్చే తిట్లని అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బాత్రూము మాట వచ్చింది మా అవ్వ వల్ల. అవ్వ అంటే మా నాయనకు తల్లి, పూతలపట్టు నుంచి వచ్చి మా దగ్గరే ఉండేది. పాత బాత్రూములో నల్లబండలు పాచిపట్టి ఉండడంతో ఒకరోజు ఆమె జారి పడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించుకొచ్చాం. కట్టు ఉన్నన్నాళ్ళూ మా అమ్మే ఆమెకు నీళ్ళు పోసేది. కట్టు విప్పి, చెయ్యి బాగైపోయాక కూడా అమ్మకు భయం పోలేదు. తలుపు వేసుకోనిచ్చేది కాదు, బాత్రూము వాకిట్లోనే నిలబడి "పైలం అత్తా, పైలం అత్తా" అంటూ ఉండేది. మా అవ్వ ఆకలి ఓర్చుకునే మనిషి, నొప్పి ఓర్చుకునే మనిషి. ఇది మాత్రం ఓర్చుకోలేకపోయింది. ఒకరోజు కాఫీ గ్లాసు కింద పెట్టి మా నాయనతో తేల్చి చెప్పేసింది. "ఒరే, నేను తలుపేసుకోని, గడియ పెట్టుకోని, నా నీల్లు నేను పోసుకోవాల. ఈడ అట్ల కుదరదంటే సెప్పు, ఊరికి పోతా. ఆడ ఉండేది తడికే. అయినా మూసుకోవచ్చు." ఊళ్ళో ఆమె ఒక్కతే ఎట్లా ఉంటుందని మా నాయన ముఖం మాడిపోయింది. నాకైతే ఆమె లేని ఇల్లు ఊహకే అందలేదు. నేను లాడ్జీ నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా సంగటి ముద్ద మీద గిన్నె మూసి, పక్కన ఉల్లిపాయ పెట్టి, నేను తినేదాకా ఊళ్ళో వాళ్ళందరి సంగతులూ చెబుతూ కూర్చునేది ఆమే.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఒక మేస్త్రిని కుదిర్చాడు. గోడ, నేల, గొట్టాలు, కుళాయిలు అన్నీ తానే చేయిస్తానని ఒప్పుకున్నాడాయన. నున్నటి గుండు, గుండు మీద చందనం, నుదుట నామం. ఎప్పుడు చూసినా అప్పుడే కొండ దిగి వచ్చినట్టుండేవాడు, చాలాసార్లు నిజంగానే అప్పుడే దిగి వచ్చి ఉండేవాడు. ఏదో ఒక మొక్కు పెట్టుకుని మెట్లెక్కడం ఆయనకు అలవాటు. (తిరుపతిలో పుట్టి పెరిగిన వాళ్ళం, గుండు చూసి మనిషిని నమ్మకూడదని మాకు తెలియాలి. అయినా నమ్మాం.) పాత బండలు పీకించి, కాలు జారని గరుకు టైల్సు పరిపించి, కూర్చునే కమోడు పెట్టించి, పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగించి, కొత్త చెక్క తలుపు వేయించి, దానికి పసుపూ కుంకుమా కూడా తానే పెట్టి, "ఇంక అవ్వ మహారాణి మాదిరి నీల్లు పోసుకోవచ్చు" అని చెప్పి పోయాడు.

మొదటి చెంబు అవ్వే పోసింది. నీళ్ళు కాసేపు ఎటు పోదామా అన్నట్టు నిలబడ్డాయి. తర్వాత తూము వైపు వీపు తిప్పి, తలుపు కిందుగా హాల్లోకి నడిచి వచ్చాయి. బాత్రూము నేల తూము వైపు వాలుగా ఉండాలి కదా, దాన్ని మేస్త్రీలు వాటం అంటారు. మా వాటం హాలు వైపు ఉంది. రోజూ అడుగున నీళ్ళు తాగి తాగి ఆ కొత్త తలుపు కొన్నాళ్ళకే ఉబ్బిపోయి, చట్రంలో పట్టడం మానేసింది. ఎంత తోసినా జానెడు సందు మిగిలేది. జారని నేల వచ్చింది, పట్టుకునే కడ్డీ వచ్చింది, కానీ అవ్వ ఏది అడిగిందో అది ఒక్కటే రాలేదు. ఆమె అటక మీది తన గుడ్డసంచిని దించి, దులిపి, మంచం తలాపున పెట్టుకుంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆమె తెచ్చుకున్న సంచి అది.

నేను సైకిలెక్కాను. దారి పొడుగునా ఏమేం అనాలో కూర్చుకున్నాను. 'నువ్వు మేస్త్రివా? ముసలామె ఉసురు తగలదా నీకు?' లాంటి మాటలు, వరసగా, ఒకదాని కంటే ఒకటి గట్టిగా. మేస్త్రి ఇంటి వాకిట్లో సైకిలు స్టాండు వేసి "మేస్త్రీ!" అని కేకేసేసరికి ఆయన నవ్వుతూ బయటికి వచ్చాడు. "రాప్పా, రా! మంచి గడియలో వచ్చినావు. ఇప్పుడే కొండ దిగినా. చెప్పులు ఆడ ఇడిసి రా, ప్రసాదం తీసుకుందువు." ప్రసాదం వద్దని ఏ తిరుపతి వాడూ అనలేడు. చెప్పులు విడిచాను. కుడిచెయ్యి చాచి, కింద ఎడమచెయ్యి పెట్టి తీసుకున్నాను. కళ్ళకద్దుకున్నాను. నోట్లో వేసుకున్నాను. వట్టి కాళ్ళతో నిలబడి, జీడిపలుకుల మధ్య యాలక్కాయ తగులుతూ ఉండగా, అప్పుడే కళ్ళకద్దుకున్న చేతిని ఎదటివాడి మీదికి ఎత్తి చూపిస్తూ తిట్టడం ఎట్లాగో నాకు ఎవరూ నేర్పలేదు. వేళ్ళకంటిన నెయ్యి తలకు రాసుకుంటూ "అదీ... నీళ్ళు బయటికి వస్తున్నాయి మేస్త్రీ" అని మాత్రం అన్నాను. "కొత్త నేల కదప్పా. నీల్లకు దోవ తెలవాల. నాలుగు దినాలు పోతే అవే తెలుసుకుంటాయి" అన్నాడు. అప్పటికి అది సబబుగానే తోచింది. ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ నన్ను చూసిన చూపు నేను ఇప్పుడు రాయను.

నీళ్ళు దోవ తెలుసుకోలేదు. రెండోసారి మా నాయన కూడా వచ్చాడు. ఆయనకూ లడ్డు అందింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకుంటూ ఉండగానే మేస్త్రి గొంతు తగ్గించి, "పెద్దాయనా, మీకు తెలీనిదా? ఆ తలుపు ఈశాన్యంలో ఉండాది. నీల్లు ఈశాన్యానికి పారితే ఇంట్లో లచ్చిమి నిలుస్తాది. శానా మంది కావాలని పెట్టించుకుంటారు" అన్నాడు. మా నాయన అక్కడే ఒకసారి తూర్పుకు, ఒకసారి ఉత్తరానికి తిరిగి లెక్క చూసుకుని, "నిజమేరా" అన్నాడు. ఇంటికి వచ్చి ఆ మాట అమ్మకు చెప్పాడు కూడా. అమ్మ హాల్లో గోనెసంచి పరుస్తూ, "ఆ లచ్చిమిని పూటపూటకీ బక్కెట్లోకి పిండతా ఉండేది నేను" అంది. ఆ తర్వాత నేను పోయిన ప్రతిసారీ మేస్త్రి మర్యాదగా "ఇప్పుడే మనిషిని పంపిస్తా ఉండా సూడు" అనేవాడు. ఆ మాటను, ఆ గొంతుతో సహా, నేను వెంటనే గుర్తుపట్టాను. అది మా లాడ్జీ కౌంటరు మాట. ఆ మనిషి రాడని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇంట్లో అందరం ఆయనకు ప్రసాదం మేస్త్రి అని పేరు పెట్టుకుని, నవ్వుకుని ఊరుకునే దశకు వచ్చాం. అవ్వ మాత్రం నవ్వలేదు. ఒకరోజు గుడ్డసంచిలో చీరలు సర్దుతూ నన్ను పిలిచి, "అబ్బోడా, పొయ్యి ఆ మేస్త్రికి సెప్పు. అవ్వ ఊరికి పోతా ఉండాదంట, పోయే ముందర నీ సేతి ప్రసాదం కావాలంట అని సెప్పు" అంది. పని సరిచెయ్యమంటే రాని మనిషి, ఆ సాయంత్రమే కొత్త గుండుతో, చేతిలో లడ్డుతో వచ్చాడు. మా వరండాలో నిలబడితే ఎదురుగా కొండ కనిపిస్తుంది. అవ్వ కుర్చీలోంచి లేచి, లడ్డు అందుకుని, కళ్ళకద్దుకుంది. అయిపోయింది, ఈమె కూడా తినేస్తుంది అనుకున్నాను నేను. ఆమె తినలేదు. మేస్త్రి కుడిచెయ్యి పట్టుకుని, లడ్డును మళ్ళీ ఆయన అరచేతిలోనే పెట్టి, వేళ్ళు మూసింది.

"గెట్టిగా పట్టుకోప్పా. కొండ దిక్కు తిరుక్కో" అంది.

ఆయన తిరిగాడు. ఏం జరుగుతుందో ఆయనకూ తెలీలేదు, మాకూ తెలీలేదు.

"ఇప్పుడు సెప్పు. నువ్వేసిన వాటం సరిగ్గా ఉండాది, నీల్లు తూములోకి పోతాయి అని సెప్పు. సెప్తే నేను నోరు మూసుకోని ఊరికి పోతా. ఈ ఇంట్లో ఇంకెవురూ నీ గడప తొక్కరు."

మేస్త్రి నోరు తెరిచాడు. కొండను చూశాడు. నోరు మూశాడు. చందనం పూసిన గుండు మీద చెమట పట్టింది. నాకు జాలి వేసిన మాట నిజం. ఎన్ని అబద్ధాలైనా ఆడగలడు గానీ, ఆ చేత్తో, ఆ దిక్కుకు తిరిగి ఆడలేడు. మా ఊళ్ళో ఎవరూ ఆడలేరు. చివరికి, "అవ్వా, గొట్టానికని తవ్వితే కింద బండ తగిలింది. దాన్ని కొట్టాలంటే శానా పని. కొట్టకుండా గొట్టం పైనే పరిసేసినా. అందుకే తూము ఎత్తులో ఉండిపోయింది. వాటం తప్పు" అన్నాడు. ఈశాన్యమూ లేదు, లచ్చిమీ లేదు, ఉన్నది బండ ఒక్కటే.

"సరే, ఇప్పుడు తిను" అంది అవ్వ. ఆయన తిన్నాడు. అంత నెమ్మదిగా లడ్డు తిన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడే కూలీలతో వచ్చి టైల్సు పగలగొట్టాడు. ఇల్లు అదిరిపోయేలా బండను కొట్టించి, గొట్టాన్ని కిందికి దించి, నేల మళ్ళీ పరిపించాడు. అవ్వ పని జరిగినన్నాళ్ళూ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన తలెత్తి కొండ వైపు చూడకుండా పని చేశాడు. వడ్రంగిని పిలిపించి తలుపు చిత్రిక పట్టించాడు. ఆ మధ్యలో ఒక పూట నేను ఉండబట్టలేక, "అవ్వా, నేను అన్నిసార్లు పోయినా కానిది నీకెట్లా అయింది?" అని అడిగాను. "ఏముండాది రా. నువ్వు నీ నోట్లో ఏసుకుంటివి. నేను వాడి సేతిలో పెడితిని" అంది.

పని అయిన రోజు అవ్వ పట్టుచీర కట్టుకోబోయే దానిలాగా తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి పోయింది. తలుపు చట్రంలోకి మెత్తగా వచ్చి కూర్చుంది. గడియ పడిన చప్పుడు అయింది. అమ్మ వంటింట్లోకి పోయి, ఏ పనీ లేకుండా గరిటెలు సర్దింది. నాయన పేపరు తిరగేసి పట్టుకున్నాడు. నేను తలుపు దగ్గర, గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒక చెంబు. ఇంకో చెంబు. నీళ్ళు గడగడమని తూములోకి దిగుతున్నాయి. నా పాదాల దగ్గర నేల పొడిగా ఉంది. అంతలో లోపల్నుంచి, "ఎవురురా ఆ తలుపు కాడ? పొయ్యి నీ పని సూసుకో పో!" అని కేక. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. గుడ్డసంచి ఆ సాయంత్రమే అటకెక్కింది. ఆమె కన్నుమూసేదాకా అది మళ్ళీ దిగలేదు.

ఇప్పటికీ అదే ఇల్లు, అదే బాత్రూము. ఇన్నేళ్ళలో టైల్సు రంగు మారింది గానీ వాటం వెంట్రుకవాసి తప్పలేదు. (ఎవరి కొత్త ఇంటికి పోయినా నేను ముందు బాత్రూములోకి పోయి ఒక చెంబు నీళ్ళు పోసి చూస్తానని చుట్టాల్లో నాకొక పేరుంది. దానికి నేనేం చెయ్యను?) పోయిన వానాకాలం నా మోకాలికి దెబ్బ తగిలింది. అప్పటి నుంచి మా అమ్మాయి "నాయనా, గడియ పెట్టుకోవద్దు, ఊరికే దగ్గరికి వేసుకో" అంటుంది. నేను పెట్టుకుంటాను. కడ్డీ పట్టుకుని, నా నీళ్ళు నేను పోసుకుంటూ, "ఎవురే ఆ తలుపు కాడ? పొయ్యి నీ పని సూసుకో పో!" అని కేకేస్తాను. తలుపు కింది సందులో రెండు పాదాల నీడ మాత్రం కదలదు. ఆ రోజు నేనూ కదల్లేదు.